గడియారం బిళ్ళ

షట్టరు సగమే లేపి, అగర్‌బత్తి ముట్టించి
స్విచ్చి నొక్కాను.
ఫ్యాను తిరిగింది, పచ్చలైటు వెలిగింది.
తెర మాత్రం తడిగుడ్డతో తుడిచిన పలక.

బెంచీ మీద అప్పటికే నర్సింలు.
గడ్డం పెరిగి, కాళ్ళకు చెప్పుల్లేకుండా.
నిన్న ప్రూఫు చూసి తమ్ముడి పేరులో
ఒక దీర్ఘం తప్పని వేలు పెట్టి చూపించి పోయాడు.
రెండు వందల కార్డులు. ఎల్లుండే పెద్దకర్మ.
రాజేశం ఫొటో, చుట్టూ బంతిపూల బార్డరు,
అన్నీ ఆ నల్లటి తెర వెనకే.
బ్యాకప్పా? ఉంది.
పోయిన డిసెంబరు దాకా ఉంది.

పార్క్‌లేన్ నుంచి ముజీబ్ భాయ్ ఫోన్లో:
"కూతలు లెక్కపెట్టు దీదీ."
పొడుగ్గా ఒకటి. పొట్టిగా రెండు.
మళ్ళీ పొడుగ్గా ఒకటి.
చంటిపిల్లకి ఎక్కడ నొప్పో
ఏడుపుని బట్టి చెప్పే ముసలమ్మలా
"ర్యామ్" అన్నాడు.
"తీసి రబ్బరుతో రుద్దు. బంగారం పళ్ళుంటయి,
నీ పళ్ళే అనుకొని రుద్దు."

పక్కరేకు విప్పితే
పదిహేనేళ్ళ చిక్కడపల్లి లోపల పేరుకుని ఉంది.
బస్సుల పొగ, నా అగర్‌బత్తుల బూడిద,
మెట్రో స్తంభాలకి తవ్విన నాటి ఎర్రమట్టి,
పగిలిన బల్లిగుడ్డు పెంకు,
క్రాస్‌రోడ్డు థియేటర్ల ముందు
ఏ హీరో మీదో చల్లిన మెరుపుకాగితం ముక్క
ఎలా వచ్చిందో, ఇంకా మెరుస్తూ.

"మా తమ్ముడుంటే దీన్ని
రెండు నిమిషాల్ల సదురుతుండె," అన్నాడు నర్సింలు.
ముషీరాబాద్ డిపోలో మెకానిక్కట.
ఇంజను మీద చెవి పెట్టి జబ్బు చెప్పేవాడట.
తన ఛాతీలో చప్పుడొకటే వినలేదు
అని నర్సింలు అనలేదు. నేననుకున్నాను.

ఎదురు షాపులో ఐదు రూపాయల రబ్బరు,
స్ట్రాబెర్రీ వాసన.
రోజుకు వెయ్యి తప్పులు ఒక్క మీటతో చెరిపే చేతులు
చిన్నప్పటిలా
పొట్టు రాలేలా రుద్దాయి.

ఈసారి ఒక్కటే కూత, పొట్టిగా.
తెల్ల అక్షరాలు దిగాయి.
తేదీ చూసుకొమ్మంటున్నాయి:
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది,
అర్ధరాత్రి పన్నెండు.
"గడియారం బిళ్ళ చచ్చింది దీదీ.
ముప్పై రూపాయల బిళ్ళ. అది లేకుంటే దానికి
పుట్టినరోజొక్కటే యాదుంటది."

నర్సింలు లేచొచ్చి నా భుజం వెనక నిలబడ్డాడు.
"రెండువేల తొమ్మిదా?
గప్పటికి మావోనికి నౌకరి పడలే.
మీసం గూడ మంచిగ రాలే."

మీట మీద నా వేలు.
ఒక్కో నొక్కుకి ఒక్కో ఏడాది.
పది. పదకొండు. పన్నెండు.
ఇంత తేలిగ్గా గడిచాయా అనిపించేంత తేలిగ్గా.
పంతొమ్మిది దగ్గర
"జర ఆగు మేడం," అన్నాడు.

ఆగాను.
ఎందుకని అడగలేదు.
బయట అరటిపళ్ళ బండివాడు
చిల్లర కోసం ఎవరితోనో గొడవ పడుతున్నాడు.
అగర్‌బత్తి చివరిదాకా కాలి
బూడిద వంగి, పడకుండా నిలబడింది.

"ఇగ కానియ్యి."

మిగిలిన ఏళ్ళు నొక్కేశాను.
నెల, తేదీ, గంట నా ఫోన్లో చూసి పెట్టాను.
ఫైలు తెరుచుకుంది. దీర్ఘం సరిచేశాను.
బంతిపూల మధ్య రాజేశం
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు చూస్తున్నాడు.

కార్డులు మధ్యాహ్నానికి అయిపోయాయి.
రేకు బిగించాక బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో తెలియలేదు.
"మావోనికి గూడ ఎప్పుడు ఒకటి మిగులుతుండె,"
అని నవ్వాడు నర్సింలు, ఆ పొద్దుట మొదటిసారి.
బేరమాడి యాభై తగ్గించుకుని
కార్డుల కట్ట చంకన పెట్టుకుని
స్క్రూ జేబులో వేసుకుని పోయాడు.

కంప్యూటరు ఆ మూల
ఇప్పటికీ కొంచెం గలగలమంటుంది.